తుపాకీకి తనాజుల్ అక్కర్లేదు

భారతదేశంలో ఇల్లు మారేటప్పుడు మంచం, బీరువా, రుబ్బురోలు ఏ జిల్లాకు తరలినా సర్కారు పట్టించుకోదు. తుపాకీ తరలితే మాత్రం పట్టించుకుంటుంది. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన ఆయుధాల నిబంధనలు ఈ ప్రయాణానికి పంచాంగం లాంటివి. లైసెన్సుదారు తుపాకీని వెంటబెట్టుకుని 30 రోజులకు మించి వేరే చోట కాపురం పెడితే, 30 రోజుల్లోగా రెండు చోట్లకు తెలియజేయాలి: లైసెన్సు ఇచ్చిన అధికారికి, కొత్త ఊరి అధికారికి. కొత్త అధికారి అడిగితే లైసెన్సునూ తుపాకీనీ పట్టుకెళ్లి చూపించాలి. ఆయన కొత్త చిరునామా ఎక్కిస్తాడు. పాత అధికారి వదిలిపెట్టడానికి ఒప్పుకున్నాడా లేదా అని ఎవరూ అడగరు. కబురు అందితే చాలు.

ఈ నిబంధనను రియాద్ నగరంలోని బతాలో చదివి వినిపిస్తే, ఆ తుపాకీ ఏ వీసా మీద వచ్చిందో కనుక్కోవాలని వినేవాళ్లలో సగం మందికి అనిపిస్తుంది.

బతా ఒకప్పుడు వాగు. ఇప్పుడు అందులో పారేది మనుషులు. సెలవు రోజు సాయంత్రం జగిత్యాల, నిజామాబాద్, కడప మాటలు అక్కడి ఫోన్ షాపుల ముందు, డబ్బు పంపే కౌంటర్ల ముందు ఒకదానికొకటి తగులుతుంటాయి. అక్కడ ఆయుధాల గురించి మాట్లాడేవారు అరుదు. దగ్గర్లోని మస్మక్ కోట తలుపులో దిగబడిన ఈటె మొనను 1902 జనవరి నాటి దాడి గుర్తుగా చూపిస్తారు. బతా కార్మికుడు తీరిగ్గా చూడగలిగే ఆయుధం అదొక్కటే. అయితే లైసెన్సు, రెన్యువల్, బదిలీ అనే మూడు మాటలు అతడికి కంఠోపాఠం. కాకపోతే అవి అతడి మీదే నడుస్తాయి.

తుపాకీకి ఒక విశిష్ట గుర్తింపు సంఖ్య అవసరం. జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌లో ఆ సంఖ్య లేని లైసెన్సు చెల్లదని కేంద్రం ప్రకటించి, ఆ సంఖ్య పొందే గడువును మన పద్ధతిలో పలుమార్లు పొడిగించింది. బతా మనిషికి అకామా, అంటే నివాస అనుమతి, నంబరు ఉంటుంది. పది అంకెలు, మొదటిది 2. లైసెన్సు మీద పన్నెండు బోరు అని ఉంటే దానితో రివాల్వర్ కొనడం కుదరదు. అకామా మీద హౌస్ డ్రైవర్ అని ఉంటే ఆ మనిషి దుకాణంలో తూకం వేయడం కుదరదు. తుపాకీ లైసెన్సు గడువు మూడేళ్లు ఉండేది, 2019 సవరణతో ఐదేళ్లయింది. అకామా సాధారణంగా ఏడాదికోసారి పాతబడుతుంది. మనిషి ఇనుము కన్నా త్వరగా తుప్పు పడతాడన్నది ఇందులోని శాస్త్రీయ దృష్టి కావచ్చు.

ఒకరి దగ్గర ఎన్ని ఉండవచ్చనే విషయంలోనూ తుపాకీకే గౌరవం ఎక్కువ. మునుపు ఒక లైసెన్సుదారుకు మూడు ఆయుధాల వరకు చెల్లేది. అదే 2019 సవరణ దాన్ని రెండుకు దించింది. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా అప్పగించాల్సి వచ్చింది. ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కింద ఇద్దరు మనుషులే ఉండాలన్న పరిమితి ఎక్కడా వినిపించదు.

ఇక బదిలీ. కఫీల్ ఇచ్చే విడుదల సమ్మతిని బతాలో తనాజుల్ అంటారు. ఏళ్ల తరబడి ఈ మాటకు ఉన్నంత బరువు మరే అరబ్బీ మాటకూ లేదు. తనాజుల్ దొరికినవాడు మిఠాయి పంచేవాడు, దొరకనివాడు కఫీల్ మూడ్ బాగుండే రోజు కోసం క్యాలెండర్ చూసేవాడు. చెప్పకుండా పని మానేస్తే హురూబ్, అంటే పారిపోయాడన్న ఫిర్యాదు. అది పడ్డవాణ్ణి కల్లివెల్లి అంటారు. 2021 మార్చి 14 నుంచి అమల్లోకి వచ్చిన సంస్కరణలతో ఒప్పందం ముగిసిన కార్మికుడు యజమాని సమ్మతి లేకుండానే వేరే చోట చేరవచ్చు. ఒప్పందం నడుస్తుండగా అయితే మొదటి ఏడాది పూర్తిచేసి, 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, తోటమాలులు, గొర్రెల కాపరులు ఈ సంస్కరణల పరిధిలోకి రాలేదు. తుపాకీల్లో ఇలాంటి వివక్ష లేదు. బ్యాంకు గార్డు భుజాన ఉన్నదైనా, పంట కాసే రైతు ఇంట్లోదైనా 30 రోజుల కబురే.

కొన్నిసార్లు తుపాకీ కదలకపోయినా రాష్ట్రాలు, జిల్లాలు కదులుతాయి. చింతూరులో ఒక ఇంటి గోడకు అడవి పందుల బెడద కోసం లైసెన్సు తీసుకున్న తుపాకీ వేలాడుతోందనుకుందాం. 2014 దాకా అది ఖమ్మం జిల్లా తుపాకీ. రాష్ట్ర విభజనలో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో ఉంచడంతో అది తూర్పు గోదావరి తుపాకీ అయింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు రావడంతో అల్లూరి సీతారామరాజు జిల్లా తుపాకీ అయింది. ఇన్ని మార్పుల్లోనూ అది ఉన్న మేకు మారలేదు. తెలంగాణలోనూ 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయిన రోజున, కరీంనగర్ ముద్ర ఉన్న తుపాకీలు జగిత్యాలలో నిద్రలేచాయి. యజమాని ఊరు మారితే కబురు పెట్టాలని రాసిన నిబంధన, జిల్లాయే మారితే జిల్లా ఎవరికి కబురు పెట్టాలో రాయలేదు.

అల్లూరి పేరు మీద జిల్లా ఏర్పడటం ఆయుధాల రిజిస్ట్రేషన్ చరిత్రకు తగిన నివాళి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసిన సీతారామరాజు, పట్టుకుపోతున్న తుపాకులు, తూటాల లెక్కను స్టేషన్ పుస్తకంలోనే రాసి సంతకం పెట్టాడని చెబుతారు. దరఖాస్తు ఫారం లేదు, ఫీజు లేదు, పోలీసు విచారణ అంతకన్నా లేదు. అయినా ఏం తీసుకున్నారో, ఎవరు తీసుకున్నారో చూస్తే తెలిసిపోతుంది. తెలుగు నేల మీద తుపాకుల బదిలీ ఇంత పారదర్శకంగా జరిగిన సందర్భం మళ్లీ దొరకడం కష్టం.

దేశం దాటి వచ్చే తుపాకీకి వేరే అధ్యాయం ఉంది. 2016 బ్యాగేజీ నిబంధనల మొదటి అనుబంధంలో, ప్రయాణికుడికి ఉచిత మినహాయింపు వర్తించని వస్తువుల జాబితా ఇచ్చారు. అందులో మొదటిది తుపాకీ, రెండోది 50కి మించిన తూటాలు, చివరిది ఫ్లాట్ టీవీ. బతాలో కొన్న టీవీ డబ్బాకు ప్లాస్టిక్ తాడు నాలుగు వరసలు చుట్టి, దాని నాలుగు పక్కలా పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు మార్కరుతో రాసి, శంషాబాద్ బెల్టు దగ్గర పొట్టకు ఆనించుకుని నిలబడే మనిషికి తాను తుపాకీ ఉన్న జాబితాలోనే చోటున్న సరుకు మోస్తున్నానని తెలియదు. కొడుకు కోసం కొన్న ప్లాస్టిక్ తుపాకీని చేతి సంచిలో పెట్టుకుంటే అది కూడా భద్రతా తనిఖీ దాటదు. బొమ్మ తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు గానీ, క్యాబిన్‌లో సీటు లేదు.

విదేశంలో ఉండి స్థిరనివాసానికి తిరిగి వచ్చేవారికి ఒక్క తుపాకీ తెచ్చుకునే వెసులుబాటు కస్టమ్స్ ఇచ్చింది. అనుమతించిన బోరుదే కావాలి, అక్కడ కనీసం ఏడాది పాటు వాడి ఉండాలి, ఇక్కడి లైసెన్సు ఉండాలి. తెచ్చాక దాన్ని ఆ మనిషి బతికున్నంత కాలం అమ్మకూడదు, అరువివ్వకూడదు, ఎవరి పేరుకూ మార్చకూడదు. మొత్తం చట్టంలో తుపాకీ పరిస్థితి బతా మనిషి కన్నా హీనంగా కనిపించేది ఇక్కడే. దానికి జీవితాంతం ఒకడే కఫీల్, తనాజుల్ ప్రసక్తే లేదు. ఆ మనిషి పోతే గానీ దానికి ఖురూజ్, అంటే నిష్క్రమణ, లేదు.

చివరి ప్రకరణం, లైసెన్సుదారే బతాకు బయల్దేరినప్పటిది. అలాంటప్పుడు తుపాకీని లైసెన్సు లేని బావమరిది చేతిలో పెట్టి విమానం ఎక్కడం నేరం. పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరో భద్రపరచాలి. ఎన్నికలప్పుడు స్టేషన్‌కు వెళ్లి వచ్చిన అలవాటు తుపాకీకి ఎలాగూ ఉంటుంది. అప్పగించినప్పుడు రసీదు ఇస్తారు. ఏ తుపాకీ, ఎన్ని తూటాలు, ఎవరిది, ఏ తేదీన అందింది, అన్నీ అందులో ఉంటాయి. తిరిగొచ్చాక రసీదు చూపి వెనక్కి తీసుకోవచ్చు.

ఆ మధ్యాహ్నం తుపాకీ రసీదును పసుపు డబ్బాలో దాచి, రాత్రికి మనిషిని శంషాబాద్‌లో అప్పగించి వచ్చే ఇల్లాలికి రెండో రసీదు ఇచ్చే కౌంటరు ఇంకా తెరవలేదు.