మా చిన్నమావయ్యకు తాళాలు పడవు

మా చిన్నమావయ్యకు విశాఖ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సుల షెడ్డు. పగలంతా లారీలు విప్పుతాడు. చీకటి పడ్డాక షట్టరు సగం దించి, చేతులు కిరోసిన్‌తో కడుక్కుని, మూలనున్న కేబిన్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని మళ్లీ లారీ తోలతాడు. ఇందులో వింతేమీ లేదు, ఆటల పిచ్చివాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మావయ్య జాతి వేరు. ఆడేది గంట అయితే, ఆటలకు కంపెనీలు వేసే తాళాలను తిట్టేది మూడు గంటలు. డబ్బులిచ్చి కొన్నవాణ్ని దొంగలా సోదా చేస్తారేమిటన్నది ఆయన బాధ.

ఈ జాతిని పెళ్లి భోజనాల్లో చూడాలి. "కొత్త ఆటలేమైనా ఆడుతున్నావా మావయ్యా?" అని ఎవడైనా అడిగాడో, వాణ్ని విస్తరి ముందు నుంచి లేవనివ్వడు. పప్పు వడ్డించేసరికి 1989లో ఉంటాడు. ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో మొదటి దశ దాటగానే గదినిండా అక్షరాల గుర్తులతో సీసాలుంటాయి. ఆటతో వచ్చిన పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరస, ఫలానా మాట వెతికి, దాని మొదటి అక్షరమున్న సీసా తాగాలి. "అదిరా మర్యాదున్న తాళం! పుస్తకం దగ్గరుంటే ఎవడి గుమ్మం ఎక్కక్కర్లేదు" అంటాడు.

సాంబారుకు 2008 వస్తుంది. స్పోర్ ఆటను మూడు కంప్యూటర్లలోనే ఎక్కించుకోవాలని ఈఏ కంపెనీ షరతు పెట్టింది. జనం అమెజాన్‌లో ఒక్కో చుక్క ఇచ్చి ఉతికారేస్తే ఐదుకు పెంచింది. "నాను గేర్‌బాక్సు బిగించి, ముగ్గురు డ్రైవర్లే తోలాలంటే లారీ ఓనరు ఊరుకుంటాడేటి?"

పెరుగన్నం కలిపేటప్పటికి 2024. యూబీసాఫ్ట్ వారి ద క్రూ అనే కార్ల ఆట సర్వరు లేనిదే కదలదు. 2014లో అమ్మిన ఆ ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. "మార్చి 31న మనం లెక్కల పుస్తకాలు మూస్తాం, ఆళ్లు ఏకంగా ఆటే మూసేశార్రా!" దానిమీద రాస్ స్కాట్ అనే అమెరికన్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం లేవదీస్తే, యూరప్‌లో పది లక్షల పైచిలుకు సంతకాలు పడ్డాయి. మావయ్య కూడా సంతకానికి కూర్చున్నాడు. యూరోపియన్ యూనియన్ పౌరులే పెట్టాలని తెలిశాక ఆ పూట అన్నం తినలేదు.

కేబిన్ గోడమీద పార్టీల ఫోన్ నంబర్ల మధ్య ఆటల తాళాలు తెరిచే కీ నంబర్లు మార్కరుతో రాసుంటాయి. కొత్త గుమస్తా ఒకడు అందులో ఒకదాన్ని ఛాసిస్ నంబరనుకుని బిల్లులోకి ఎక్కించేశాడు. పక్క అలమరలో పాత డిస్కులు. సేఫ్‌డిస్క్, కొన్ని రకాల సెక్యూరామ్ తాళాలున్న వాటిని భద్రతకు ముప్పని 2015లో విండోస్ 10 ఆడనివ్వడం మానేసింది. పారేయమంటుంది అత్తయ్య. "ఆట బానే ఉందే, తాళానికే తుప్పట్టింది" అంటూ తుడిచి మళ్లీ అక్కడే పెడతాడు.

ఈ కోపం ముదిరింది హుద్‌హుద్‌తో. 2014 అక్టోబరు 12న తుపాను ఊరిని ఊడ్చేసింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లకు సిగ్నల్ లేదు. షెడ్డు రేకులు లేచిపోయినా మావయ్య జనరేటరు బతికింది. వీధంతా ఛార్జింగుకి ఫోన్లు పట్టుకుని వరసకట్టింది. అందరికీ పెట్టి, రాత్రి మిగిలిన డీజిల్‌తో ఆట తెరిచాడు. బిల్లుతో సహా కొన్న డిస్కు. ఇంటర్నెట్ కనెక్షన్ చూసుకోమంది. ఊరికే లేని ఇంటర్నెట్టు ఈయన ఎక్కణ్నుంచి తెస్తాడు? హెల్పరు కుర్రాడు ఫుట్‌పాత్ మీద కొన్న దొంగ డిస్కు తెచ్చి అదే కంప్యూటర్లో పెట్టాడు. నిక్షేపంగా ఆడింది. మర్నాటి నుంచి మావయ్య ఎగిరిపోయిన రేకుల సంగతే మర్చిపోయాడు.

"ఆటలు చేసేవాళ్లకూ పిల్లలున్నారు కదా" అంటే ఒప్పుకుంటాడు. డెనువో లాంటి తాళాలు కొనేది అమ్మకాలు జోరుగా ఉండే తొలి వారాలు గట్టెక్కడానికేనని తనే చెబుతాడు. హక్కులకు గండికొట్టే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలని మన కాపీరైట్ చట్టంలో 2012లో 65ఎ సెక్షను చేర్చారు. జీఎస్టీ రిటర్ను తేదీ గుర్తుండని మనిషికి అది కంఠతా. అందుకే పగలగొట్టడు. తిట్టడానికి సెక్షను లేదు కాబట్టి తిడతాడు.

ఇంతకీ ఈ తాళాల శత్రువు పనిముట్ల పెట్టెకు రెండు తాళాలు. బేరింగులు లాగడానికి సొంతంగా ఒక పుల్లర్ తయారుచేసి అమ్ముతున్నాడు. పక్క షెడ్డు మేస్త్రి టీకి వస్తే దానిమీద తువ్వాలు కప్పుతాడు. "మరి ఇది కాపీ తాళం కాదా?" అని దొరకబుచ్చుకున్నాను. బనియన్ వేస్టుతో వేళ్ల సందులు తుడుచుకుంటూ సావకాశంగా అన్నాడు: "కాపీ కొట్టేవోడొచ్చినప్పుడు కప్పాను. డబ్బిచ్చి అట్టుకెళ్లినోడి పుల్లరు మీద కప్పానేటి?"

నా దగ్గర జవాబు లేదు. పైగా ఆ జబ్బు నాకూ అంటుకుంది. ఇప్పుడు ఏ ఆట కొన్నా ముందు చిన్నక్షరాలే చదువుతున్నాను. మీరూ చదవండి. ఇంటర్నెట్ తప్పనిసరి అని ఉంటే అద్దెకు తెచ్చుకున్నట్టే లెక్క. ఆ సంగతి అమ్మేవాళ్లే చెప్పాలని కాలిఫోర్నియాలో 2025 నుంచి చట్టం ఉంది. తాళం లేనివే కావాలంటే జీఓజీ అనే పోలండ్ దుకాణం 2008 నుంచీ అమ్ముతోంది. మరో మాట. ఆటోనగర్‌లో మా మావయ్యకు బండి ఇస్తే, డెలివరీ చేతికొచ్చేదాకా ఆటల ఊసెత్తకండి. గేర్‌బాక్సు విప్పింది విప్పినట్టే ఉండిపోతుంది.