జీరో టికెట్ చుట్టరికాలు

పదవీ విరమణ సభలో శాలువా కప్పి, మెడలో దండేసి, "వీరు లేని లోటు తీరనిది" అంటారు. ఆ తీరని లోటు సోమవారానికల్లా తీరిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014లో 58ని 60 చేసి, 2022లో 62 చేసి ఈ ముచ్చటను రెండుసార్లు వాయిదా వేసింది గానీ, తప్పించలేకపోయింది.

ఆ మర్నాటి నుంచి మగవాడికి తోచదు. ఏళ్ళ తరబడి పక్క బల్ల మీద పనిచేసిన మిత్రుడి జీపీఎఫ్ నంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆయన ఇల్లెక్కడో మాత్రం తెలీదు.

మాది హనుమాన్ జంక్షన్. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు కలిసేచోట ఆంజనేయస్వామి ఉంటాడు. ఊరి రైల్వే స్టేషన్ బోర్డు మీద మాత్రం 'నూజివీడు' అనుంటుంది. ఆ ఊరికి అక్కణ్ణుంచి మళ్ళీ బస్సెక్కాలి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకు పోయింది, స్టేషన్ కృష్ణా జిల్లాలోనే మిగిలింది. ఇంటిపేరు ఇక్కడ, కొడుకు డాలస్‌లో ఉన్న మా వీధి ఇళ్ళలాగే అన్నమాట.

2001లో మా ఊరి పేరుతో సినిమా వచ్చింది. అందులో అర్జున్, జగపతిబాబు ప్రాణస్నేహితులు. అది చూసినవాళ్ళు మేమంతా భుజాల మీద చేతులేసుకుని తిరుగుతుంటామనుకుంటారు. నిజానికి మమ్మల్ని కలిపింది స్నేహం కాదు, హైవే. అప్పట్లో అది ఊళ్ళోంచే పోయేది. ఏలూరు పెళ్ళికెళ్ళే బెజవాడ చుట్టం ఇక్కడ టీకి ఆగేవాడు. ఆగి మనింటికి రాకపోతే ఎవరో ఒకరు చూసి చెప్పేస్తారని భయం. ఆ భయం మీదే రాకపోకలు నడిచాయి. బైపాస్ వచ్చాక భయం పోయింది. ఇప్పుడు "మీ ఊరు మీదుగానే వెళ్ళాం బాబాయ్" అని వాట్సాప్‌లో పెడతారు. రాజమండ్రి చేరాక.

మా ఆవిడకు ఈ బెంగ లేదు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఉచిత బస్సు మొదలైన దగ్గర్నుంచి ఆధార్ కార్డు కొంగున కట్టుకుని తిరుగుతోంది. గుడివాడలో మేనత్త మోకాళ్ళు, ఏలూరులో పిన్ని కోడలి సీమంతం, నూజివీడులో ఎవరితోనో ఎవరికో పడకపోతే రాజీ. టికెట్టు సున్నా, వార్తలు బస్తాడు. వెళ్ళేటప్పుడు చేతిలో ఓ స్టీలు గిన్నె ఉంటుంది. ఆవకాయ వచ్చిన గిన్నెలో సున్నుండలు వెళతాయి. సున్నుండలు వెళ్ళిన గిన్నెలో అరిసెలొస్తాయి. ఆ గిన్నె అసలెవరిదో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

"వాళ్ళది వాళ్ళకిచ్చేస్తే పోలా?" అన్నాను.

"ఇచ్చేస్తే మళ్ళీ ఎందుకెళతాం?" అంది.

ఆఫీసులో ఏ బాకీ మిగల్చకుండా లెక్క తేల్చిన చేతులివి. చుట్టరికంలో లెక్క తేలిందంటే ఖాతా మూసినట్టేనని నాకెవరూ చెప్పలేదు. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనానికి ఏకంగా మంత్రుల్ని పెట్టాయి. మా ఇంట్లో ఆ శాఖ పెళ్ళైన నాటి నుంచీ ఆవిడ దగ్గరే ఉంది.

సరే, నేనూ బయల్దేరాను. రైలువాళ్ళు వృద్ధులకిచ్చే రాయితీ 2020 మార్చిలో ఎత్తేశారు. ఆర్టీసీలో మాత్రం అరవై దాటితే పాతిక శాతం తగ్గిస్తారు. అంటే బస్సులో ఆవిడది సున్నా, నాది ముప్పావు. గుడివాడ చేరాక లెక్క తిరగబడింది. ఆవిడకు నూటికి నూరుపాళ్ళ మర్యాద, నాకు పాతిక శాతం. మేనత్తగారు నా వంక చూసి, "ఈ అబ్బాయి ఎవరమ్మా?" అంది. అరవై దాటాక అబ్బాయి అనిపించుకోవడానికి ఆ టికెట్టు డబ్బులు ఎక్కువేం కాదు.

తర్వాత పక్క బల్ల మిత్రుడికి ఫోన్ చేశాను.

"ఏవండీ, ఎవరు పోయారు?" అన్నాడు.

"ఎవరూ పోలేదండీ. ఊరికే చేశాను."

"ఊరికేనా?" అని కాసేపు ఆగి, "ఎంత కావాలి?" అన్నాడు.

ఊరికే ఫోన్ చేసేవాణ్ణి నమ్మడానికి ఆయనకు నెల పట్టింది. ఇప్పుడు రోజూ టీ కొట్టు దగ్గర కలుస్తాం. ఇద్దరివీ చెరో పార్టీ కాబట్టి మాటలకు కరువు లేదు. పెన్షన్‌దారులం బతికున్నామో లేదో సర్కారు ఏడాదికోసారి అడుగుతుంది, సర్టిఫికెట్ ఇస్తేగానీ నమ్మదు. ఈయన రోజూ పొద్దున్నే ఆరింటికి మిస్డ్ కాల్‌తో అడుగుతాడు. నేను తిరిగి చేసి తిడితే నమ్ముతాడు.

చివరిగా హైవే మీద పోయే బంధుమిత్రులకో మనవి. బైపాస్ ఎక్కకండి, ఊళ్ళోకి దిగండి. టీ డబ్బులు నావి. మీ ఇంట్లో మా స్టీలు గిన్నె ఏదైనా ఉంటే మాత్రం ఖాళీగా తేకండి.