కోరం నిండింది, కుర్చీలే ఖాళీ

1937లో కొత్తపట్నంలో వేసవి రాజకీయ పాఠశాల పెడితే, దాన్ని ఆపడానికి అప్పటి సర్కారు నిషేధాజ్ఞలు జారీచేసి పోలీసుల్ని దించాల్సొచ్చింది. పాపం, వాళ్లకు మన కమిటీల తెలివి లేదు. పదిమందీ చేరకుండా చూడాలంటే లాఠీలెందుకండీ? ఉదయం పదింటికి సమావేశమని నోటీసు రాసి, ఆఫీసు గదిలో బీరువా పక్క గోడకు అంటిస్తే చాలదూ! వేటకెళ్లినాయన ఇంకా ఒడ్డుకు రాడు. మిరప కోతకు ఆటో ఎక్కినామె పొద్దుగూకితే గాని ఇల్లు చేరదు. సభ బహు ప్రశాంతంగా జరిగిపోతుంది.

మరి కోరం? భేషుగ్గా ఉంటుంది. బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లుండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. మనుషులు రావాలి కాబోలని చదివినవాళ్లు అనుకుంటారు. మనవాళ్లకు రిజిస్టరు వస్తే చాలు. సాయంత్రం అది ఇంటింటికీ బయల్దేరుతుంది.

"ఏందబ్బాయ్ ఇది?"

"ఏం లేదక్కా, పిల్లల బడి కాయితం. ఇక్కడ వెయ్యి."

మిరపకాయలు కోసి కోసి భగ్గుమంటున్న బొటనవేలికి ఊదా సిరా అంటుతుంది. అంతే, ఆ తల్లి పొద్దున తాను వినని చర్చలో పాల్గొన్నట్టు, చూడని ఖర్చుకు సమ్మతించినట్టు మినిట్సుకెక్కిపోతుంది.

ఇంత శ్రమ పడలేని సంఘాలకు అరగంట మంత్రముంది. కోరం లేదా? అరగంట వాయిదా వేస్తారు, ఆ తర్వాత ఉన్నవాళ్లే కోరం. చట్టంలోనే ఉందండీ అంటారు. ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం వాటాదారుల సభకు అరగంటలో కోరం రాకపోతే, వచ్చే వారం అదే రోజు, అదే వేళకు, అక్కడే మళ్లీ కూడాలి. అప్పుడూ అరగంట చూశాకే వచ్చినవాళ్లతో సరిపెట్టుకోవాలి. మనవాళ్లు ఆ వారాన్ని టీ తాగేంతసేపుకు కుదించారు. అసెంబ్లీకే పదోవంతు చాలు కదా అని ఇంకో వాదన. నిజమే, మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 మందికి 18 మంది చాలు. కాని కోరం లేకపోతే సభ ఆపడం అధ్యక్షుడి విధి అని రాజ్యాంగం 189వ అధికరణంలోనే ఉంది. ఆ ముక్క ఎవరి కంటా పడదేం?

ఇక ఓటింగు. "అందరికీ సమ్మతమేగా?" అని అడిగి, జవాబు వచ్చేలోపే "ఏకగ్రీవం" అని రాసేస్తారు. ఎవరైనా పట్టుబడితే చేతులెత్తమంటారు. ఎదురుగా అప్పిచ్చిన ఆసామి కూర్చుని, ఏ చెయ్యి ఎటు లేచిందో తీరిగ్గా చూస్తుంటాడు. చీటీలు వేయిద్దామన్నవాడు ఊళ్లో తగాదాలు పెట్టేవాడైపోతాడు.

నేనూ ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నా. సమావేశం రాత్రి ఏడింటికి పెట్టాలి. ప్రతి ఓటుకూ ముందు తలలు లెక్కపెట్టి, ఆ అంకె మినిట్సులో రాయాలి. చీటీలు బిందెలో వేయించి, అందరి ముందూ విప్పాలి. దీని గతి ఏమవుతుందో నాకు తెలుసు. కోరం లేదని దీన్నొక్కదాన్నే వాయిదా వేస్తారు. అరగంట కాదు, సంక్రాంతి దాకా.