నలుగుర్ల ఇజ్జత్

కొండకల్ ఇప్పుడు రైలు పెట్టెల ఊరు. 2023 జూన్ 22న ఇక్కడ కోచ్ ఫ్యాక్టరీ మొదలైంది. ఆ పెట్టెల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో టికెట్టు చెబుతుంది, కులం కాదు. భూమీ అంతే. శంకర్‌పల్లి రోడ్డు మీద ఎకరం బేరానికొస్తే పైసలు వైటా, బ్లాకా అని అడుగుతారు గాని, నీదే కులమని అడగరు. తాతల పొలం ఎవరికైనా రాసిస్తాం. పిల్ల మనసు మాత్రం నిషేధిత జాబితాలో ఉంది, రిజిస్ట్రేషన్ చెల్లదు.

“నలుగుర్ల ఇజ్జత్ పోతది” అంటాడు తండ్రి. ఆ నలుగురెవరో చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. అప్పు పుట్టనినాడు కనబడరు, పంట ఎండిననాడు కనబడరు. పిల్ల ఫోన్లో నవ్విందంటే మాత్రం అరుగు మీద హాజరు. పట్టుకుని అడిగితే, “నాదేముంది, కడమ ముగ్గురు ఏమనుకుంటరో” అంటారు. నలుగురిదీ అదే మాట.

మొయినాబాద్ పక్కన చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేస్తే అమెరికా వీసా వస్తుందని నమ్మకం. సముద్రాలు దాటించే ఆ బాలాజీని, ఊరి నుంచి వాడకు ఒక్క వీసా ఇప్పించమని మొక్కినవాళ్ళెందరు? ఆ గుడి అర్చకుడు రంగరాజన్ 2018 ఏప్రిల్‌లో జియాగూడలో దళిత భక్తుణ్ణి భుజాల మీద మోసి గుళ్ళోకి తీసుకెళ్ళారు. అందరం దండం పెట్టాం. ఐదు నెలలకు, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో గర్భిణి భార్య కళ్ళముందే దళిత భర్తను కిరాయి కత్తి నరికింది. భుజాల మీదికైతే సరే, అల్లుడిగా వద్దన్నమాట. ఇద్దరు మేజర్లు ఇష్టపడితే ఇంకెవరి ఒప్పుకోలూ అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది ఆ ఏడాది మార్చిలోనే. తీర్పు కాపీ అరుగు దాకా రాలేదేమో.

కత్తి దాకా పోయినవి మొదటి పేజీకెక్కుతాయి. మిగతావి జిల్లా పేజీలో నాలుగు లైన్లు: పెద్దలు ఒప్పుకోరేమోనని ప్రేమజంట బలవన్మరణం. ఆ ‘ఏమో’ చూడండి. అడగనేలేదు వాళ్ళు. అడిగే పని మనం పెట్టలేదు. ఊళ్ళో ఏ పెళ్ళి మాటొచ్చినా “మనోళ్ళేనా?” అంటూ, పిల్లలు పలక పట్టకముందే జవాబు చెప్పేశాం.

తర్వాత తల్లి ఏడుస్తుంది, “ఒక్కమాట చెప్తే చేద్దుము గద బిడ్డా” అని. నలుగురూ తలలూపుతారు. దినాలకూ వస్తారు. తిని, చేతులు కడుక్కుంటూ పక్కింటి పిల్ల ఫోన్ ముచ్చట తీస్తారు.