డెబ్బై ఎనిమిది పైసల పోపు

సర్కారు బళ్లలో లెక్కలు సరిగా రావడం లేదని గిట్టనివాళ్లు అంటూంటారు. వాళ్లంతా ఒకసారి మధ్యాహ్నం భోజనం గంట కొట్టే వేళకి బడికి వెళ్లి రావాలి. ఐదో తరగతి లోపు పిల్లవాడి పప్పూ, కూరా, నూనే, ఉప్పూకారం, పొయ్యి ఖర్చూ అన్నీ కలిపి రోజుకు 6 రూపాయల 78 పైసలు. బియ్యం వేరే, అవి గోదాము నుంచి వస్తాయి. పావలా బిళ్లకే 2011లో నూకలు చెల్లిపోయిన ఈ దేశంలో, పెట్రోలు బంకులోనూ బడిపిల్లల పళ్లెంలోనూ మాత్రమే పైసలింకా బతికున్నాయి.

2025 మే నెలకు ముందు ఈ రేటు 6 రూపాయల 19 పైసలే. పెంచింది 59 పైసలు. అరవై చేస్తే పిల్లలు సుఖానికి అలవాటు పడిపోతారని ఏ పెద్దమనిషికి భయమేసిందో గానీ, ఆ ఒక్క పైసా ఖజానాకు మిగిలింది. ఈ 6.78లో కేంద్రం వాటా 4 రూపాయల 7 పైసలు, రాష్ట్రం వాటా 2 రూపాయల 71 పైసలు. పప్పులో ఏ బద్ద ఢిల్లీదో ఏ బద్ద అమరావతిదో గిన్నెలో గుర్తుపట్టడం కష్టం. ఫ్లెక్సీ మీదైతే సులువే.

ఆరో తరగతిలోకి అడుగు పెట్టగానే రేటు 10 రూపాయల 17 పైసలు. సరిగ్గా ఒకటిన్నర రెట్లు. వేసవి సెలవుల్లో పిల్లలు మామిడికాయలు తింటూ ఊరికే తిరుగుతారనుకుంటాం. కాదు, ఆకలిని ఒకటిన్నర రెట్లు పెంచుకుని జూన్‌లో బడికొస్తారు.

తూకాలు కూడా పక్కాగా ఉన్నాయి. చిన్నపిల్లకు పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు, నూనె 5 గ్రాములు. పన్నెండు మంది పిల్లలున్న బడి అనుకోండి, అలాంటివి మన పల్లెల్లో బోలెడు. పప్పు పావుకిలోకి పది గ్రాములు తక్కువ, నూనె 60 గ్రాములు. మొత్తం బడ్జెట్టు 81 రూపాయల 36 పైసలు. ఇందులోనే గ్యాసు, ఇందులోనే పోపు. పిల్లలు పన్నెండు మందే కదా అని సిలిండరు వాడు పన్నెండో వంతు సిలిండరు ఇవ్వడు. టమాటా కిలో వంద దాటిన నెలలో పన్నెండు మందికి టమాటా పప్పు ఎలా చేయాలన్నది పదో తరగతి పరీక్షలో ఇవ్వదగ్గ ప్రశ్న. గ్రేస్ మార్కులు తప్పనిసరి. గుడ్డూ చిక్కీ మాత్రం రాష్ట్రం తన జేబులోంచి వేస్తోంది. అందుకు వెక్కిరింపేమీ లేకుండానే దండం పెడతాను.

ఇక పేరు. అన్నం ఢిల్లీలో బయల్దేరేటప్పుడు పీఎం పోషణ్. మన రాష్ట్రంలోకి వచ్చి 2020లో జగనన్న గోరుముద్ద అయింది, 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకుంది. ప్రభుత్వం మారితే పప్పు చిక్కబడుతుందో లేదో చెప్పలేం గానీ బోర్డు మీద పెయింటు మాత్రం చిక్కగా పడుతుంది. ఉన్నవాటిలో సీతమ్మ గారి పేరే మేలైనదని నా అభిప్రాయం. గోదావరి లంకల్లో ఎవరొచ్చినా వేళాపాళా చూడకుండా వండి వడ్డించిన ఇల్లాలు ఆవిడ. వచ్చినవాడు ఐదో తరగతా ఆరో తరగతా అని అడిగి గరిటె మార్చిన దాఖలా లేదు. విస్తరి ముందు కూర్చోబెట్టి ఫొటో తీసి, యాప్‌లో ఎక్కేదాకా అన్నం మీద చెయ్యి వేయొద్దని కూడా అనలేదు.

మన హెచ్చెమ్ గారికి ఆ స్వేచ్ఛ లేదు. పన్నెండింటికి ఆయన గరిటెడు పప్పు నాలుక మీద వేసుకుని రుచి చూడాలి, అది నిబంధన. తర్వాత ఎంతమంది తిన్నారో ఫోనులో ఎక్కించాలి. నెట్‌వర్కు కోసం ఆయన వేపచెట్టు కిందికి వెళ్లొచ్చేలోగా మూడో తరగతికి గుణకారాలు ఎవరు చెప్పాలని మీరడగొచ్చు. ఆయన రుచి చూసిన ఆ గరిటెడు పప్పు ఎవరి 6.78లోంచి తగ్గించాలని ఆడిట్ వాళ్లు అడగొచ్చు. రెండో ప్రశ్నకే ముందు జవాబు దొరుకుతుంది.

ఇంత కచ్చితమైన లెక్కను రోజూ ఉడికించే వంటమ్మకు నెలకు గౌరవ వేతనం 3,000. గౌరవం అన్నాక బేరమాడకూడదు కాబట్టి ఎవరూ ఆడరు. బిల్లులు నెలలు గడిచాక పడతాయి. అంతవరకూ ఊళ్లో కిరాణా కొట్టువాడే కేంద్రం, అతడే రాష్ట్రం కూడా. 'ఈసారి రేటు పెంచారటగా, సంతోషమేనా అమ్మా?' అని ఒక వంటమ్మను అడిగాను.

'పెంచారంటండీ' అంది పొయ్యి ఊదుతూ. 'కొట్టాయన పైసలైతే అడగడు బాబూ, చిల్లర లేదంటాడు. పాత బాకీయే అడుగుతున్నాడు.'