కోడిగుడ్డు మీద పై కామా

సెప్టెంబరు నాలుగో తారీఖు రాత్రి తొమ్మిది గంటలప్పుడు, మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ బ్యానర్ కోసం ఫ్లెక్సీల షాపులో కూర్చున్నాను. నాకన్నా ముందు ఒక బడి వాళ్ళున్నారు. హెడ్‌మాస్టారు, ఇంగ్లీషు మాస్టారు, వెనకాల దండల సంచీ పట్టుకుని అటెండరు. కంప్యూటర్ ముందున్న కుర్రాడు రాధాకృష్ణన్ గారి బొమ్మ పెట్టి, పక్కన ఎర్రటి ఇంగ్లీషు అక్షరాల్లో ‘హ్యాపీ టీచర్స్ డే’ అని కొట్టాడు.

“పై కామా ఏదయ్యా?” అన్నారు ఇంగ్లీషు మాస్టారు.

కుర్రాడు ఎస్‌కి ముందు ఒకటి ఎక్కించాడు.

“అక్కడ పెడితే ఒక్క టీచరే అవుతాడు. మేం పదకొండు మందిమి. ఎస్ తర్వాత పెట్టు.”

వెనక్కి జరిపాడు. ఈసారి హెడ్‌మాస్టారికి అనుమానం. “పోయినేడు ముందే ఉందిగా?”

“పోయినేడు తప్పండి.”

“పోయినేడు ఎమ్మీవో గారు ఆ ఫ్లెక్సీ కిందే ఫొటో దిగారయ్యా!”

అప్పటిదాకా నోరెత్తని అటెండరు, “ఎస్‌కి ముందే ఉంటుందండి, నేను చాలాసార్లు చూశాను” అన్నాడు. “నువ్వెక్కడ చూశావు?” అన్నారు హెడ్‌మాస్టారు. అటెండరు సంచీలో దండలు లెక్కపెట్టుకోవడం మొదలెట్టాడు. ఆయన చెప్పిందీ తప్పు కాదు. ఆయన చూసింది గ్లాస్గోలో విలియమ్ టీచర్ అనే ఆయన పెట్టిన టీచర్స్ విస్కీ. ఆ సీసా మీద కామా ఎస్‌కి ముందే ఉంటుంది.

“మాస్టారూ, మేం తీసుకునేది చదరపు అడుక్కండి, కామాకి కాదు. మీరు ఎన్ని పెట్టించుకున్నా సరే. పదింటికి మాత్రం మిషన్ ఆపేస్తాను” అన్నాడు కుర్రాడు.

ఈ పై కామాకు ఇంగ్లీషులో అపాస్ట్రఫీ అని పేరు. మన రెవెన్యూ ఆఫీసు భాషలో అయితే సులువుగా ఎక్కుతుంది. ఎస్‌కి ఎడమ పక్క పడితే ఒక్కడి పట్టా. కుడి పక్క పడితే ఉమ్మడి పట్టా. అసలు పడకపోతే ఉత్త బహువచనం, పట్టాలేని జనం. ఇక్కడితో వదిలితే బాగుండేది. పిల్లలు, ఆడవాళ్ళు, మగవాళ్ళు ఇంగ్లీషులో ఎస్ సాయం లేకుండానే బహువచనాలైపోతారు కాబట్టి వాళ్ళ ఉమ్మడి పట్టా తిరిగి ఎడమ పక్కకే వస్తుంది. గర్ల్స్ హైస్కూలు అంటే కామా ఎస్ వెనక, విమెన్స్ కాలేజీ అంటే ఎస్ ముందు. బళ్ళో చదివిన పిల్లే కాలేజీలో చేరేసరికి, ఆ అమ్మాయి కన్నా ముందు కామా ఒక అడుగు ముందుకేస్తుందన్నమాట. జోన్స్ అనే ఇంటిపేరు వాళ్ళ సంగతి ఇంకా చిత్రం. ఒక్కడైతే జోన్స్, ఇంటిల్లిపాదీ అయితే జోన్సెస్, వాళ్ళందరి ఇల్లు అన్నా నోటికి జోన్సెస్సే. కాగితం మీద మాత్రం ఆ కుటుంబం చివర ఒక కామా వేలాడాలి. అదే ‘ఇట్స్’ అనే మాటకైతే, దానిది అని చెప్పాలంటే కామా ఉండకూడదు. ఉంటే పట్టా రద్దవుతుంది. అసైన్డ్ భూముల చట్టం కూడా ఇంతకన్నా తిన్నగానే ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. టీచర్స్, టీచర్స్, టీచర్స్. నేను మూడు వేరువేరు మాటలు రాశాను: మొదటిది చాలామంది టీచర్లు, రెండోది ఒక టీచరుది, మూడోది టీచర్లందరిదీ. మీకు తేడా తెలియలేదంటే మీ చెవుల్లో లోపమేమీ లేదు. లండన్‌లో పుట్టి లండన్‌లోనే పోయిన మనిషికి కూడా ఆ మూడూ ఒకేలా వినబడతాయి. నోరు పలకలేని, చెవి వినలేని తేడా అది. భాషలో పుట్టిన తేడా అయితే ఏదో ఒక నాలుక మీద ఎప్పుడో ఒకప్పుడు దొరికేది. ఇది పేపర్లు దిద్దేవాళ్ళ ఎర్ర సిరాలో తప్ప ఎక్కడా దొరకదు.

దీని పుట్టుక మాత్రం మర్యాదైనదే. పాత ఇంగ్లీషులో మనకున్నట్టే విభక్తులుండేవి. చాలా మాటలకు షష్ఠిలో చివర ఇ, ఎస్ అనే రెండక్షరాలు చేరేవి. నోట్లో నాని నాని ఆ ఇ అరిగిపోయింది. పదహారో శతాబ్దంలో ఫ్రెంచి వాళ్ళను చూసి, అక్షరం రాలిన చోట ఆనవాలుగా ఈ కామా పెట్టడం నేర్చారు. తర్వాత కొందరు పండితులు బయల్దేరి, ఈ ఎస్ అసలు ‘హిజ్’ అనే మాటకు కుదింపు అన్నారు. రాజు గారి గుర్రం అంటే ‘రాజు, అతని గుర్రం’ అట. మరి రాణి గారి గుర్రమో? ‘రాణి, అతని గుర్రం’ అనాలా? శామ్యూల్ జాన్సన్ 1755లో అచ్చేసిన నిఘంటువులో ఈ వాదాన్ని ఆడవాళ్ళ ఉదాహరణలు చూపించే కొట్టేశాడు.

బహువచనం దగ్గరికొచ్చేసరికి పద్దెనిమిదో శతాబ్దంలో కూడా పండితులు నీళ్ళు నమిలారు. నమలరా మరి? అక్షరం రాలిన చోట కదా కామా పెట్టాలి. బాయ్స్, గర్ల్స్, టీచర్స్ అన్నప్పుడు ఎస్ తర్వాత రాలిందేమిటి? ఏమీ లేదు. ఇంట్లో అందరూ పీటల మీద కూర్చుని అన్నాలు తింటుంటే పోలీస్ స్టేషన్‌కెళ్ళి మనిషి తప్పిపోయాడని కంప్లయింటు ఇచ్చినట్టు. ఆ కంప్లయింటునే తర్వాతి కాలపు వ్యాకరణాలు రూలని రాసుకున్నాయి. రాయలేని పిల్లల అర మార్కు అప్పట్నుంచీ కోస్తూనే ఉన్నారు.

సరే, సొంతదారులైనా దీన్ని భద్రంగా చూసుకుంటున్నారా? లండన్ మెట్రోలో పికడిలీ లైన్ మీద ఎర్ల్స్ కోర్ట్, బారన్స్ కోర్ట్ అని రెండు స్టేషన్లు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిదానికి కామా ఉంది, రెండోదానికి లేదు. ఎర్ల్‌కి పట్టా ఇచ్చారు, బారన్‌కి ఎగ్గొట్టారు. న్యూకాజిల్ ఫుట్‌బాల్ మైదానానికీ, లండన్‌లో రాజభవనం పక్కనున్న పార్కుకూ సెయింట్ జేమ్స్ అనే పేరే. న్యూకాజిల్‌లో ఆ పేరుకు ఒక్క ఎస్‌తో సరిపెట్టి పైన కామా పెట్టారు, లండన్‌లో కామా తర్వాత ఇంకో ఎస్ కూడా దయచేశారు. వాటర్‌స్టోన్స్ అనే పెద్ద పుస్తకాల షాపు 2012లో, వెబ్ అడ్రసుల కాలంలో మాకిది అడ్డమని తన బోర్డు మీది కామాను పీకేసింది. బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ అంతకు ముందే, 2009లో, వీధి బోర్డుల మీద కామాలకు స్వస్తి చెప్పింది. అమెరికాలో 1890 నుంచీ ఊళ్ళకీ కొండలకీ చెరువులకీ అధికారికంగా పేర్లు ఖాయం చేసే బోర్డు ఒకటుంది. అంత దేశంలోనూ అది స్వాధీనపు కామాకు ఒప్పుకున్నది ఐదే ఐదు చోట్ల. చోటు పేరులో ఒకడి స్వాధీనం చూపించాల్సిన పని లేదన్నది దాని ధోరణి. మన తహసీల్దారు ఆఫీసులో ఆ మాట అని చూడండి.

దీన్ని కాపాడదామని కంకణం కట్టుకున్నవాళ్ళు కూడా లేకపోలేదు. రిటైరైన పత్రికా ఉద్యోగి జాన్ రిచర్డ్స్ 2001లో ఇంగ్లండులోని బోస్టన్‌లో అపాస్ట్రఫీ రక్షణ సంఘం పెట్టాడు. కూరగాయల కొట్టుకూ మటన్ కొట్టుకూ మర్యాదగా ఉత్తరాలు రాసేవాడు: అయ్యా, మీ బోర్డులో తప్పుంది. ఆ ఏడే నవ్వులాటకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతిని సాహిత్యంలో ఆయనకిచ్చారు. 2019లో, 96 ఏళ్ళ వయసులో, అజ్ఞానమూ బద్ధకమూ గెలిచాయని చెప్పి సంఘం మూసేశాడు. ఆ వయసులో ఆయన ఓపికకు నేను దండం పెడతాను, ఆ జబ్బుకు కాదు. బ్రిస్టల్‌లో ఇంకొకాయన రాత్రిపూట పొడుగాటి కర్ర చివర స్టిక్కరు తగిలించుకుని షాపు బోర్డుల మీద కామాలు అతికించేవాడని 2017లో బీబీసీ చెప్పింది. అదే పని మన దగ్గర చేస్తే జనం దొంగనుకుని స్తంభానికి కట్టేసేవారు.

అమెరికా సుప్రీంకోర్టు దాకా కూడా పోయిందిది. 2006లో కాన్సస్ రాష్ట్రపు మరణశిక్ష చట్టం మీద తీర్పొచ్చింది, ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. కాన్సస్ చివర ఎస్ ఉంది కదా, తీర్పు రాసిన జస్టిస్ థామస్ దాని మీద కామా ఒక్కటే పెట్టి ఊరుకున్నారు. విభేదించిన జస్టిస్ సౌటర్ కామా పెట్టి ఇంకో ఎస్ కూడా చేర్చారు. ఒక మనిషిని చంపొచ్చా లేదా అన్నచోటే కాదు, ఆ చట్టం ఎవరిదో రాసేచోట కూడా ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ ఇద్దరినీ మన టెన్త్ పేపర్లు దిద్దే స్పాట్ సెంటర్లో కూర్చోబెడితే ఎవరో ఒకరికి అర మార్కు పోవాల్సిందే.

ఒక్కచోట మాత్రం ఈ కామా నన్ను ఓడించింది. మదర్స్ డే కోసం పోరాడిన ఆనా జార్విస్, కామా ఎస్‌కి ముందే ఉండాలని పట్టుబట్టింది. లోకంలోని అమ్మలందరికీ కలిపి ఒక దండం కాదు, ఎవరి అమ్మకు వాళ్ళు అని ఆవిడ లెక్క. 1914లో అధ్యక్షుడు విల్సన్ ఆ పండగను ప్రకటించాడు. తర్వాత పూలవాళ్ళూ కార్డులవాళ్ళూ మిఠాయిలవాళ్ళూ కలిసి ఒక అమ్మను కోట్ల డాలర్లు చేసుకుంటే, ఆ పండగనే రద్దు చేయించాలని ఆవిడ జీవితాంతం కొట్లాడింది. కామా ఆవిడ అడిగిన చోటే ఉంది. పండగే ఆవిడ చేయి దాటిపోయింది.

మన ఊళ్ళ సంగతికొస్తాను. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి ఉన్నాడు. అమీర్‌పేట వెళ్ళినప్పుడల్లా ‘బాయ్స్ హాస్టల్’ బోర్డులు ఫొటోలు తీసి, కామా లేదని ఎర్ర గీత గీసి పెడతాడు. ఆ హాస్టల్లో ఒక గదికి ఆరు మంచాలున్నాయని, బాత్రూం దగ్గర పొద్దున్న ఐదింటికే క్యూ కడతారని ఆయన కంట పడదు. అక్కడ స్వాధీనమన్న మాటే తప్పు. ఆ కుర్రాళ్ళకు మంచం కూడా సొంతం కాదు, కామాలేని బోర్డే నిజం చెబుతోంది. ఇంగ్లీషు వాళ్ళు పుస్తకాల షాపుకీ వీధి బోర్డులకీ పీకేసిన కామాను, ఈయన రోడ్డున పోతూ ఏరుకొచ్చి మన నెత్తిన పెడుతున్నాడు. కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే ఇదే. అన్నట్టు కోడిగుడ్డంటే ఒక కోడిదా, నాలుగు కోళ్ళదా? ఏ తెలుగువాడూ ఈ ప్రశ్న వేసుకుని అట్టు ఆపుకోలేదు. రైతు బజార్లో రైతులు బోలెడుమంది ఉంటారు. ఒక్క రైతుదేనా అని ఎవరూ సంచీ కింద పెట్టి నిలబడలేదు. తేడా కావాలనుకున్నప్పుడు మనం నోటితోనే చెబుతాం. రైతు పొలం, రైతుల పొలం. గుడ్డివాడికీ తెలుస్తుంది, చదువురాని వాడికీ తెలుస్తుంది. ఇల్లు ఇంటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది, మాటే మారిపోయి పైన చుక్కతో పని లేకుండా చేస్తుంది. కానీ ఇంగ్లీషు కామాను తెలుగులోకి దింపాలని సర్కారు కాగితాలు తయారు చేసేవాళ్ళకు తపన. అందుకని విభక్తుల పట్టికలో కిన్, కున్‌ల పక్కన బుద్ధిగా కూర్చున్న ‘యొక్క’ను లేపి తెచ్చి ప్రతి వాక్యానికీ కట్టేశారు. ‘రైతుల యొక్క పొలముల యొక్క సర్వే నంబర్లు’ అని నోటీసొస్తే, రైతు ముందు కంగారుపడి, ఆ తర్వాత ఈ యొక్క ఎవరని అడుగుతాడు.

పది కావస్తోంది. కామా అప్పటికి ఎస్‌కి ముందుకూ వెనక్కూ నాలుగు సార్లు తిరిగింది. ఇంగ్లీషు మాస్టారు ఫోన్లో ఎవరినో అడుగుతున్నారు. అటువైపు ఆయనా ఇంకెవరినో కనుక్కుని చెబుతానన్నట్టున్నాడు. కుర్రాడు చూసి చూసి, రాధాకృష్ణన్ గారి బొమ్మను కాస్త పెద్దది చేసి అక్షరాల మీదికి లాగాడు. తెల్ల తలపాగా అంచు వచ్చి ఎస్ పైభాగాన్ని కప్పేసింది.

“ఇప్పుడు చూడండి మాస్టారూ.”

ఇద్దరూ కళ్ళజోళ్ళు సర్దుకుని చాలాసేపు చూశారు.

“ఇంతకీ కామా ఉన్నట్టా, లేనట్టా?” అన్నారు హెడ్‌మాస్టారు.

“ఉందండి.”

“ముందా, వెనకా?”

“తలపాగా వెనకండి” అని కుర్రాడు ప్రింటు నొక్కాడు.