పంచాంగం పట్టుకుని కొండెక్కినవాడు

ఉగాది వచ్చినా వసంతం రాలేదేమిటని పాడేరు కొండల్లో కూర్చుని దిగులుపడ్డ మేధావిని నేను. మాది కోనసీమ, బ్యాంకు ఉద్యోగం అక్కడికి తోసింది. మావైపు శివరాత్రి దాటితే ఉక్కపోత. అక్కడ, సుమారు 900 మీటర్ల ఎత్తున, మార్చిలో కూడా తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కాదు. కొండబూరుగులు ఆకులన్నీ రాల్చి ఎర్రగా పూసి ఉన్నాయి, మోదుగలూ అంతే. చూశాను గానీ లెక్కలో వేసుకోలేదు. నాకు కోయిల కావాలి, అదీ పంచాంగం చెప్పిన రోజునే కూయాలి.

అసలు ఘనకార్యం పచ్చడితో. దారి పక్క చెట్టు నుంచి మామిడి పిందెలు కోసి, శాస్త్రోక్తంగా ఉగాది పచ్చడి కలిపి, గిన్నె పట్టుకుని పక్కింటి తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“మామిడి కొత్త ఇంకా చెయ్యలేదు కదా బాబూ!”

దేవతకు పెట్టి పండగ చేసుకునేదాకా వాళ్ళు కొత్త కాయ ముట్టరు. విని ఊరుకోవచ్చుగా? మూఢనమ్మకమని మొదలుపెట్టి, వసంత రుతువు ఎప్పుడొస్తుందో ఆయనకు అరగంట పాఠం చెప్పాను. పిందెను కాయ అయ్యేదాకా చెట్టు మీద బతకనిచ్చే కట్టుబాటు కూడా అందులో ఉందని నా బుర్రకు తట్టలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ కొండ మీదే ఉన్న మనిషి, పాపం, ఓపిగ్గా విన్నాడు. పిల్లలు మాత్రం నవ్వారు.

ఆ తరవాత వాన. ఎండాకాలం ముంగిట ఈ వానేమిటని నేను విసుక్కుంటుంటే ఊరంతా సంబరపడుతోంది. కాఫీ మొగ్గలు ముడుచుకుని కాచుకునేది ఆ వాన కోసమేనట. ఓ అంగుళం పడితే, పది రోజులు తిరక్కుండానే సిల్వర్ ఓక్ నీడన తోటలు తెల్లగా విచ్చుకుంటాయి; అచ్చం మల్లెల వాసన. ఉండేది రెండు మూడు రోజులే. నవంబరు నుంచి కోసే పళ్ళన్నీ ఆ పూతవే. వాన మొహం చాటేస్తే కాపు తగ్గుతుంది. రైతులకు అప్పులిచ్చే నాకు ఇది చెప్పింది ఆ తాత మనవరాలు, ఐదో తరగతి.

ఇటుకల పండగని వాళ్ళకొకటి ఉంది; దానికి మగవాళ్ళు వేటకెళ్తే, ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర పెట్టి డబ్బులడుగుతారు. నేను పాతిక తీశాను. అరుగు మీద నుంచి తాత కేకేశాడు: “బేంకు బాబు దగ్గర ఎక్కువ తీసుకోండే! మనకన్నా ముందే పండగ చేసేసుకున్నాడు.”

వంద ఇచ్చాను. మీలో ఎవరికైనా ఏజెన్సీకి బదిలీ అయితే పంచాంగం పట్టుకెళ్ళండి, తప్పులేదు. పచ్చడి మాత్రం ఊళ్ళో వాళ్ళనడిగి కలపండి.